కట్ చెప్పినా ఆగని గుర్రం!

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను కాసేపు కూర్చోనివ్వలేదు. రాసిన కుర్రాడు డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. ఉత్తరం సారాంశం ఇదీ:

“అన్నయ్యగారూ! ఒక చారిత్రక చిత్రంలో చిన్న వేషానికి సెలక్షన్లు జరుగుతున్నాయంటే ఫారం నింపాను. అందులో ‘గుర్రపు స్వారీ వచ్చునా?’ అని ఒక గడి ఉంది. నా పక్కన కూర్చున్నవాడు ‘వచ్చు’ అని రాశాడు. నేనూ రాసేశాను. ఇప్పుడు పిలుపు వచ్చింది. ఇంకా మూడు వారాలు టైముంది. నిజం చెప్పాలంటే నేను ఇంతవరకూ ఎక్కిన జంతువు మా తాతగారి ఊళ్ళో గేదె ఒక్కటే. ఏం చేయమంటారు? దయచేసి నా పేరు వేయకండి.”

చదవగానే నవ్వొచ్చింది. గేదెను తలుచుకుని ఇంకోసారి నవ్వుకున్నాను. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ ‘వచ్చు’ అనే రెండక్షరాల అబద్ధం మొన్నామధ్య నేనూ ఆడాను. దాని ఫలితం అనుభవించింది మాత్రం నేనొక్కణ్ణే కాదు!

ఆ కథ చెప్పేముందు, అసలు మనకీ గుర్రాల మోజు ఎక్కడినుంచి పట్టుకుందో చూద్దాం. ఇంకెక్కడ, తెర మీదనుంచే! విఠలాచార్యగారి జానపదాల్లో కత్తి కాంతారావు గుర్రమెక్కి వస్తుంటే నేల క్లాసు ఈలలతో దద్దరిల్లిపోయేదని మా నాన్నగారు ఇప్పటికీ చెబుతారు. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణగారు కౌబాయ్ టోపీ పెట్టుకుని ఎడారిలో స్వారీ చేసేసరికి కుర్రకారుకి పిచ్చెక్కిపోయింది. 1990లో ‘కొండవీటి దొంగ’గా చిరంజీవి, 2009లో ‘మగధీర’గా రామ్‌చరణ్, 2015లో ‘రుద్రమదేవి’గా అనుష్క... ఇలా ప్రతి తరానికీ ఒక గుర్రం ఉంది. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’లో ఒక హీరో మోటారు సైకిలు మీదా, ఇంకో హీరో గుర్రం మీదా దూసుకొస్తుంటే హాల్లో ఎవరైనా కుదురుగా కూర్చున్నారా?

అయితే ఇందులో ఒక చిక్కుంది. తెర మీద చూసీ చూసీ, గుర్రం కూడా మోటారు సైకిలు లాంటిదేనని మనకు తెలియకుండానే ఒక నమ్మకం ఏర్పడిపోతుంది. ఎక్కితే కదులుతుంది, లాగితే ఆగుతుంది, డైరెక్టరు ‘కట్’ అంటే నిలబడుతుంది! మన తాతలకు ఈ భ్రమ లేదు. వాళ్ళ రోజుల్లో రైలు దిగగానే స్టేషను బయట జట్కాలు ఉండేవి. గుర్రం బెదిరితే బండేమవుతుందో వాళ్ళు కళ్ళారా చూశారు. మనం గుర్రాన్ని చూసేదల్లా పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం పక్కనో, లేకపోతే విశాఖ బీచిలోనో!

తెర వెనక సంగతి మీకు తెలియనిది కాదు. దూరపు షాట్లలో గుర్రం మీద ఉండేది చాలాసార్లు ఆ విద్యలో ఆరితేరిన డూపు. దగ్గర షాట్లలో హీరో ఎగిరెగిరి పడుతున్నది ఒక్కోసారి బండికి బిగించిన బొమ్మ గుర్రం మీద. నిజం గుర్రమే అయినా, దాన్ని సాకినవాడు కెమెరాకు అందకుండా పక్కనే ఉంటాడు. తెర మీద మనం చూసేది అర నిమిషం. దాని వెనక నెలల సాధన ఉంటుంది. ఆ సాధన మాత్రం మనకు చూపించరు.

ఇక నా కథకొద్దాం.

ఓ పత్రికకు వ్యాసం రాయడం కోసం ఒక ఆదివారం తెల్లవారుజామునే లేచి, హైదరాబాదు శివార్లలో ఒక రైడింగ్ స్కూలుకు వెళ్ళాను. వేషం చూడాలి! బిగుతు జీన్సు, కొత్త స్పోర్ట్సు బూట్లు, మెళ్ళో గళ్ళ మఫ్లరు, నల్ల కళ్ళద్దాలు. తల మీద టోపీ ఒక్కటే తక్కువ. అక్కడ నేర్పేది మిలటరీలో గుర్రాల దగ్గర పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. అందరూ మాస్టారనే అంటారు.

“ఇంతకుముందు ఎక్కావా బాబూ?” అని అడిగారాయన.

ఎనిమిదో ఏట బీచిలో ఒక గుర్రం మీద కూర్చోబెడితే, దాని యజమాని కళ్ళెం పట్టుకుని పాతిక అడుగులు నడిపించాడు. అదే నా అనుభవం. పక్కన ఇద్దరు కాలేజీ అమ్మాయిలు పాఠం కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళముందు ‘రాదు’ అనడానికి నోరు రాలేదు.

“ఆఁ... కొంచెం వచ్చండీ!” అన్నాను.

కొంచెం వచ్చినవాడికి తగ్గ గుర్రాన్నే ఇచ్చారు. దాని పేరు రాణి. గోధుమరంగు ఒళ్ళు, నుదుటి మీద తెల్లని చుక్క, చూడచక్కగా ఉంది. రెండు చుట్లు బాగానే నడిచింది. మూడో చుట్టులో నేనేం చేశానో నాకే తెలియదు, మడమలు దాని డొక్కలకు తగిలినట్టున్నాయి. ‘వెళ్ళమంటున్నాడు’ అనుకుందది పాపం. నడక కాస్తా పరుగులోకి మారింది. నేను హడలిపోయి పగ్గాలు రెండు చేతులా బలంకొద్దీ గుంజాను. అది నొప్పికి తల పైకెత్తి విదిలించింది. నేను పక్కకు జారి ఇసుకలో పడ్డాను. నల్ల కళ్ళద్దాలు ఒకవైపు, నేనొకవైపు! తలకు స్కూలువాళ్ళ హెల్మెట్టు ఉండబట్టి మోచెయ్యి దోక్కుపోవడంతో సరిపోయింది.

మాస్టారు పరిగెత్తుకొచ్చారు. లేవదీస్తారనుకుని చెయ్యి చాచాను. ఆయన నన్నొక్కసారి చూసి, లేచి కూర్చున్నానని తెలుసుకుని, నన్ను దాటుకుని రాణి దగ్గరికి వెళ్ళారు. దాని పెదవులు విడదీసి నోరు చూశారు. పెదవి మూల ఎర్రగా కందిపోయి ఉంది.

“నీకు దెబ్బ తగిలితే నువ్వు చెప్తావు బాబూ. అది చెప్పలేదు,” అన్నారు. కాసేపాగి, “తప్పు నాదీ ఉంది. నేల మీద పరీక్షించకుండా ఎక్కించాను,” అన్నారు.

ఒక్క కసురు కసిరినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. నా అబద్ధానికి ఆ మూగజీవి నోరు నొప్పి పెట్టుకుంది. ఆయనేమో తప్పు తన మీద వేసుకున్నారు. అమ్మాయిలు చూశారా, నవ్వారా అన్నది ఆ క్షణాన నాకు గుర్తే లేదు.

మర్నాటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. “మాస్టారూ, నాకు ఏమీ రాదు,” అన్నాను. “అయితే ఇవాళ నేర్చుకోవచ్చు,” అన్నారాయన. ఆ రోజూ, తర్వాతి రోజుల్లోనూ నేర్చుకున్నవే ఇప్పుడు మీకు చెబుతున్నాను. మొదటిసారి గుర్రమెక్కాలని ముచ్చటపడేవాళ్ళందరికీ పనికొస్తాయి.

అన్నిటికన్నా ముందు, వెళ్ళే చోటు చూసుకోండి. డబ్బు కట్టకముందే ఒకసారి ఊరికే వెళ్ళి చుట్టూ పరికించండి. గుర్రాల డొక్కలు ఎండిపోయి ఉన్నాయా? జీను కింద పుళ్ళున్నాయా? నీళ్ళు అందుబాటులో ఉన్నాయా? కొత్తవాళ్ళకు హెల్మెట్లు ఇస్తున్నారా? నేర్పేవాడు మీ ఒళ్ళు, బరువు, ఆరోగ్యం గురించి అడుగుతున్నాడా? ఏమీ అడక్కుండా ‘ఎక్కండి సార్’ అంటే, నమస్కారం పెట్టి వెనక్కి వచ్చేయండి.

అడిగినప్పుడు మాత్రం నిజం చెప్పండి. బరువు విషయంలో సిగ్గుపడకండి. జీనుతో కలిపి మోసే బరువు గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని చాలామంది పాటించే లెక్క. 400 కిలోల గుర్రమైతే మీరూ జీనూ కలిసి 80 కిలోల లోపు ఉండాలన్నమాట. మీరు పది కిలోలు తగ్గించి చెబితే ఆ పది కిలోలూ దాని వెన్ను మీదే పడతాయి. నడుము నొప్పి, మూర్ఛ, పాత ఎముక దెబ్బలు, ఆడపిల్లలైతే గర్భం... ఏదున్నా ముందు డాక్టరుతో, తర్వాత మాస్టారుతో చెప్పాలి. ఇంకోమాట. గుర్రపుశాల మట్టిలో, పేడలో ధనుర్వాతం సూక్ష్మజీవులు ఉంటాయి. ఆ ఇంజెక్షను వేయించుకుని ఎన్నేళ్ళయిందో కనుక్కుని మరీ వెళ్ళండి.

బట్టల సంగతి. నా వేషం మీరు వేయకండి! సాగే గుణమున్న నిండు ప్యాంటు మంచిది. లోపలి కుట్లు లావుగా ఉన్న జీన్సయితే తొడలు ఒరుసుకుపోతాయి. చున్నీ, మఫ్లరు, వేలాడే గొలుసులు, చేతి ఉంగరాలు ఇంట్లోనే ఉంచండి. గాలికి ఎగిరే గుడ్డను చూసి గుర్రం బెదరవచ్చు, ఎక్కడైనా చిక్కుకుంటే మీ మెడకే ముప్పు. బూట్లకు అంగుళం ఎత్తు మడమ ఉండాలి, అడుగు మరీ గరుగ్గా ఉండకూడదు. కారణం ఏమిటంటే, కాలు పెట్టే రికాబులోంచి పాదం అవతలికి జారిపోకుండా ఆ మడమే అడ్డుపడుతుంది. పడిపోయినప్పుడు పాదం రికాబులో ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది. అంతకంటే ప్రమాదం లేదు.

హెల్మెట్టు గుర్రపు స్వారీకి తయారుచేసిందే కావాలి, మోటారు సైకిలుది కాదు. కనుబొమ్మలకు పైన రెండు వేళ్ళ ఎత్తులో సమంగా కూర్చోవాలి. తల ఊపితే కదలకూడదు. గడ్డం కింద పట్టీ బిగించుకోవాలి. జుట్టు చెదురుతుందని దాన్ని చేత్తో పట్టుకు తిరిగే శూరులకు ఒక సంగతి చెప్పాలి.

1978లో ‘సూపర్‌మ్యాన్’గా ఆకాశంలో ఎగిరిన క్రిస్టఫర్ రీవ్ తెలుసు కదా? ‘అన్నా కరేనినా’ అనే టీవీ చిత్రం కోసం ఆయన స్వారీ నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక అదే సరదా అయిపోయింది. పోటీల్లో పాల్గొనేదాకా వెళ్ళాడు. 1995 మే 27న అమెరికాలోని వర్జీనియాలో ఒక పోటీలో ఆయన గుర్రం, దూకవలసిన అడ్డు ముందు హఠాత్తుగా ఆగిపోయింది. ఆయన ముందుకు తలకిందులుగా పడ్డాడు. మెడ ఎముకలు విరిగి, మెడ కింద ఒళ్ళంతా చచ్చుబడిపోయింది. 2004లో కన్నుమూసేదాకా చక్రాల కుర్చీలోనే గడిపాడు. ఆయన అనుభవం లేనివాడు కాదు, హెల్మెట్టు పెట్టుకోనివాడూ కాదు. అన్నీ ఉన్నవాడికే అలా జరిగితే, ఏమీ లేకుండా ఎక్కేవాణ్ణి ఏమనాలి? మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. గుర్రం ముందు వినయంగా ఉండమని చెబుతున్నాను, అంతే.

ఇక గుర్రం దగ్గరికి వెళ్దాం. గుర్రం వెనకా, అధికారి ముందూ నడవకూడదని సామెత. అధికారి మాటెలా ఉన్నా గుర్రం విషయంలో అది అక్షరసత్యం. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే దాదాపు చుట్టూ ఉన్నదంతా చూడగలదు. చూడలేనివి రెండే చోట్లు: సరిగ్గా తోక వెనకా, సరిగ్గా నుదుటి ముందూ. కనబడని చోట అలికిడైతే అది తన్నుతుంది, లేదా పారిపోతుంది. అడవిలో పులి బారినుంచి పారిపోయి బతికిన జాతి మరి! దానికి ఆలోచనకన్నా పరుగే ముందు. అంచేత ఎడమ భుజం వైపునుంచి, మెల్లగా ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్ళాలి. చెయ్యి వాసన చూడనివ్వాలి. తర్వాత మెడ మీద నిమరాలి.

దాని చెవులు చూడండి. ముందుకు నిక్కి ఉంటే కుతూహలంగా ఉందని. వెనక్కి మెడకు అంటుకుపోయినట్టు ఉంటే కోపంగా ఉందని, దూరంగా ఉండమని! మాస్టారు నా చేతికి బ్రష్షు ఇచ్చి అరగంట సేపు రాణి ఒళ్ళు తోమించారు. ‘స్వారీకి వచ్చి గుర్రానికి స్నానం చేయించడమేమిటి?’ అనుకున్నాను. తోమడం అయ్యేసరికి దాని ఊపిరి నాకు తెలిసింది, నా వాసన దానికి తెలిసింది. భయం సగం అక్కడే పోయింది.

ఎక్కడం ఎడమవైపునుంచి. పూర్వం సైనికులకు ఎడమ నడుముకి కత్తి వేలాడేది. కుడివైపునుంచి ఎక్కబోతే అది అడ్డుపడేది. అలా పుట్టిన అలవాటు ఇప్పటికీ ఉండిపోయింది. ఎక్కేముందు పొట్ట కింద జీను పట్టీ బిగువు మాస్టారుచేత చూపించుకోండి. చాలా గుర్రాలు పట్టీ బిగించేటప్పుడు పొట్ట ఉబ్బిస్తాయి, తర్వాత వదులు చేస్తాయి. అంత తెలివి! ఎక్కడానికి దిమ్మ ఉంటే వాడుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. గుర్రం వెన్నుకీ అదే సుఖం. కుడికాలు తిప్పేటప్పుడు దాని తుంటికి తగలనివ్వకండి. జీను మీద ధభీమని కూలబడకుండా నెమ్మదిగా దిగండి.

కూర్చున్నాక చెవి, భుజం, తుంటి, మడమ ఈ నాలుగూ ఒకే గీత మీద ఉండాలి. పాదం ముందుభాగం రికాబు మీద, మడమ కిందికి. చూపు ముందుకు. కింద నేలను చూస్తే ఒళ్ళు కూడా ముందుకు వంగి అటే పోతుంది. పగ్గాలు పట్టుకుని వేలాడకూడదు. ఆ పగ్గాల అవతలి కొసన ఉన్నది ఒక జీవి నోరు. ఈ మాట నాకు రాణి నేర్పింది. నిలదొక్కుకోవాలంటే జీను ముందుభాగమో, జూలో పట్టుకోండి. ఊపిరి బిగబట్టకండి. మీరు బిగుసుకుపోతే అదీ బిగుసుకుంటుంది.

మొదటి పాఠంలో పరుగులు అడగకండి. మాస్టారు పొడుగాటి తాడు పట్టుకుని మధ్యలో నిలబడి, గుర్రాన్ని తన చుట్టూ తిప్పుతూ నేర్పితే మరీ మంచిది. నడకలో గుర్రం అడుగులు నాలుగు దెబ్బల తాళం. ఆ పైది ‘ట్రాట్’, రెండు దెబ్బలు. ఇక్కడే కొత్తవాళ్ళ పళ్ళు టకటకలాడతాయి. దాని పైది ‘క్యాంటర్’, మూడు దెబ్బలు. ఆఖరున మనం సినిమాల్లో చూసే ‘గ్యాలప్’. ఈ మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కాలి. దూకితే ఏమవుతుందో నా మోచెయ్యి చెబుతుంది!

దిగాక అయిపోయిందనుకోకండి. కాసేపు పక్కన నడిపించండి. మాస్టారు ఒప్పుకుంటే ఒక క్యారెట్టు ముక్క అరచెయ్యి చాపి, వేళ్ళు దగ్గరగా పెట్టి అందించండి. మర్నాడు మెట్లు దిగేటప్పుడు తొడల లోపలి కండరాలు మిమ్మల్ని తిట్టిపోస్తాయి. మామూలే. ముందునుంచీ ఇంటి దగ్గర రోజూ పదేసి గుంజీలు, మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు కిందికి దించడం, ఒంటికాలి మీద నిలబడటం సాధన చేస్తే ఆ తిట్లు కాస్త తగ్గుతాయి.

ఇప్పుడు ఉత్తరం రాసిన తమ్ముడికి జవాబు.

తమ్ముడూ! మూడు వారాల్లో వారానికి మూడు పాఠాలు చొప్పున నేర్చుకుంటే ఎక్కడం, దిగడం, నడిపించడం, ఆపడం, తిప్పడం వస్తాయి. ట్రాట్ కాస్త అలవాటవుతుంది. చేత కత్తి పట్టుకుని పదిమంది గుర్రాల మధ్య దౌడు తీయడం మాత్రం రాదు. ఎవరు వస్తుందన్నా నమ్మకు. నువ్వు పడితే నువ్వొక్కడివే పడవు. నీ వెనక వచ్చే గుర్రం నిన్ను తప్పించబోయి ఇంకొకణ్ణి పడేస్తుంది. ఆ ‘వచ్చు’ అన్న మాటకు ఎన్ని ఎముకలు మూల్యం చెల్లించాలో ఎవరికి తెలుసు?

అంచేత ఇవాళే ఆ కంపెనీవాళ్ళకు ఫోను చెయ్యి. “సార్, ఫారంలో వచ్చు అని రాశాను. తప్పు రాశాను. రాదు. ఇవాళే నేర్చుకోవడం మొదలుపెట్టాను,” అని చెప్పు. వేషం పోవచ్చు. ఆ మాట ముందే చెబుతున్నాను, నిన్ను మభ్యపెట్టను. నడిచే సైనికుడి వేషమైనా ఇవ్వొచ్చు, అసలు పిలవకనూ పోవచ్చు. అవకాశం పోతే ఇంకోటి వస్తుంది. మెడ ఎముక ఇంకోటి రాదు.

ఫోను చేసినాక మాత్రం పాఠం మానకు. వేషం వచ్చినా రాకపోయినా వెళ్ళు. ఈసారి ఎవరి ఫారంలోనైనా ‘వచ్చు’ అని రాసేటప్పుడు నీ చెయ్యి వణక్కూడదు.

అన్నట్టు, పోయిన ఆదివారం రాణి నా చేతిలో క్యారెట్టు తింది. పెదవి మూల కందిన చోట మచ్చ కూడా లేదు. ఇంకా ట్రాట్ దాటలేదు నేను. తొందరేముంది?

తమ్ముడూ, ఏమైందో మళ్ళీ రాయి. పేరు వేయనులే!